మీ అత్తగారి పక్కన కూర్చో

అమ్మలూ,

మీ ఆయన పోయినప్పటి నుంచి నువ్వు గది దాటి రావడం లేదనీ, పలకరించిన వాళ్లమీద విసుక్కుంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. విసుక్కో తల్లీ. ధైర్యం చెప్పడానికి వచ్చేవాళ్ల కోసం నువ్వు ధైర్యంగా కనబడక్కర్లేదు.

1971 డిసెంబరు యుద్ధం నుంచి మా ఇంటికి టెలిగ్రాం వచ్చింది, మా ఆయన రాలేదు. అప్పట్లో అక్కడే దహనం చేసేసేవాళ్లు. జెండా కప్పిన పెట్టెలు ఊళ్లకు రావడం కార్గిల్ నాటి నుంచి చూస్తున్నాం. వీధిలో బూట్ల చప్పుడైతే గుమ్మంలోకి పరుగెత్తడం నేను చాలా ఏళ్లు మానలేదు.

నన్ను నిలబెట్టింది మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గరి మన ఊరిని మిలిటరీ మాధవరం అనడం ఊరికే కాదు. రెండో ప్రపంచ యుద్ధానికే వెయ్యిమందికి పైగా వెళ్లారంటారు. బర్మాలో పెనిమిటిని పోగొట్టుకున్న మామ్మ ఒకావిడ మా వీధిలో ఉండేది. మధ్యాహ్నం చేట పట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకునేది. నా ముందుకో గుప్పెడు బియ్యం తోసేది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆవిడ పక్కన మాత్రం నాకు ఊపిరాడేది. ఎందుకో తెలుసా? ఆవిడకి నేనేమీ వివరించి చెప్పక్కర్లేదు. ఢిల్లీలో మోహినీ గిరి, మన వి.వి. గిరిగారి కోడలు, 1972లో యుద్ధ వితంతువుల సంఘం పెట్టిందని విన్నప్పుడు, మా అరుగే అంత పెద్దదైందనుకున్నాను.

నీకు అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది. మీ అత్తగారు.

డబ్బు దగ్గర మీ ఇద్దరికీ మాటలు తగ్గాయని విన్నాను. పెళ్లయిన జవాను పోతే పెన్షను భార్య పేరునే వస్తుంది. కన్నతల్లికి అది రెండో దెబ్బ. అందులో నీ తప్పూ లేదు, ఆవిడ తప్పూ లేదు. ఇద్దరూ కలిసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఏది ఎవరికి వస్తుందో అక్కడే అడగండి. ఆవిడకి నెలకింత అని నువ్వే ముందు చెప్పు, చుట్టాలు చెప్పించేదాకా ఆగకు. చుట్టాలు దూరితే ఎన్ని ఇళ్లు రెండయ్యాయో నేను చూశాను.

ఆ పని అయ్యాక, మీ ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆవిడకి వినిపించు. అతని చిన్నతనం నీకు తెలియదు, చివరి ఏళ్లు ఆవిడకి తెలియవు. సగం సగం మనిషిని పట్టుకుని చెరో గదిలో ఏడవడం ఎందుకమ్మా?

మళ్లీ పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, ఔననడం కాదనడం నీ ఇష్టం. శౌర్య పతకాల భత్యం ఆగకుండా రావాలంటే భర్త సోదరుణ్ణే చేసుకోవాలన్న పాత షరతును కూడా 2017లో తీసేశారు. తొందరేం లేదు. ఆ రోజొస్తే మీ అత్తగారికి నువ్వే చెప్పు.

ఎండలు తగ్గాక ఇద్దరూ ఇక్కడికి రండి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కదా, కిందిగది ఖాళీ చేయిస్తున్నాను. ఏ బండికి వస్తారో ముందే చెబితే స్టేషనుకి మనిషిని పంపుతాను.

చిన్నమ్మమ్మ