కరువు ఏ దారిన వస్తుంది?

"సార్, కరువు ఏ తేదీన మొదలవుతుంది?" అని ఒకసారి క్లాసులో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. ఆ రోజు వరదల పాఠం చెబుతున్నాను. వరదకు తేదీ వుంది. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణం నీళ్ళలో మునిగిందని బల్లగుద్ది చెప్పవచ్చు. తుపానుకు తేదీ వుంది. భూకంపానికైతే గంటా నిమిషమూ కూడా వుంటాయి. కరువు దగ్గరికి వచ్చేసరికి నేను నీళ్ళు నమిలాను.

ఆ సాయంత్రం మా అవ్వ మాట జ్ఞాపకం వచ్చింది. మాది అనంతపురం జిల్లాలో పల్లెటూరు. చిన్నప్పుడు నేనూ ఆమెను అలాగే అడిగాను: "అవ్వా, మనూరికి కరువు ఎప్పుడొచ్చింది?" అని. ఆమె చాటలో గింజలు చెరుగుతూ, "అది పోయింటే గదా నాయనా వచ్చేదానికి" అన్నది. అప్పుడు నవ్వులాటగా తోచిన ఆ మాటలో ఎంత శాస్త్రం వుందో భూగోళం చదువుకున్న తర్వాత గాని నాకు తెలియలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కరువు ఒక్క రోజున, ఒక్క చోట పడే పిడుగు కాదు. అది మెట్టు మెట్టుగా దిగుతుంది: ఆకాశం నుంచి నేలకు, నేల నుంచి చెరువుకూ బావికీ, అక్కడి నుంచి సంతకూ ఇంటికీ. ప్రతి మెట్టు మీదా కొన్నాళ్ళు ఆగుతుంది. ఆ ఆగిన రోజులే మనకున్న గడువు. ఆ గడువును మనం గుర్తిస్తున్నామా లేదా అన్నదే ప్రశ్న.

1. ఆకాశంలో

రాయలసీమకు వాన తక్కువ అనేది అందరికీ తెలిసిందే. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద బరువు దింపుకొని, తేలికపడి మన వైపు వస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరంలో కురిసినంతగా ఇంత లోపలికి వచ్చి కురవదు. రెండింటి చివరా వున్నాం కనుక ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం నైరుతిదే.

అయితే వాన తక్కువ కావడం వేరు, కరువు వేరు. రాజస్థాన్ ఎడారిలో వాన ఎప్పుడూ తక్కువే, దానిని ఎవరూ కరువు అనరు. ఆ చోటికి అలవాటైన వాన తప్పితేనే కరువు. ఒక ప్రాంతంలో సాధారణ వర్షపాతంలో 75 శాతం కంటే తక్కువ పడితే కరువుగా, సగం కూడా పడకపోతే తీవ్రమైన కరువుగా లెక్కించడం వాతావరణ శాఖలో చాలాకాలంగా వున్న పద్ధతి.

ఈ తప్పడానికి కారణం కొన్నిసార్లు వేల మైళ్ళ దూరాన వుంటుంది. పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలు కంటే వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. అప్పుడు గాలి పైకి లేచి మేఘం కట్టే చోటు తూర్పుకు జరుగుతుంది. మన మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలిలో మేఘం నిలవదు. 1877, 1972, 1987, 2002, 2009, 2015 సంవత్సరాలు ఎల్ నినో ఏళ్ళే. కాని ఇది తప్పని నియమమేమీ కాదు. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా దేశం మొత్తం మీద రుతుపవనం మామూలుగానే కురిసింది.

2002 మరొక పాఠం. ఆ ఏడు వాన మామూలుగా వుంటుందని ముందుగా అంచనా వేశారు. తీరా చూస్తే జూలై నెలలో దేశం మొత్తానికి పడవలసిన వానలో సగం కూడా సరిగా పడలేదు. సీజను ముగిసేసరికి 19 శాతం లోటు తేలింది. కనుక ఆకాశాన్ని ముందుగా చదవగలిగితే మంచిదే గాని, ఒక్క ఆకాశాన్నే నమ్ముకొని కూర్చోవడానికి వీలు లేదు.

2. నేలలో

మాటకు రెండు పల్లెలు అనుకుందాం. రెండింటికీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా 330 మిల్లీమీటర్లే పడింది. మొదటి పల్లెలో అది పదిహేను రోజులకొకసారి పదునుగా పడింది. రెండో పల్లెలో విత్తనం వేసేటప్పుడు కుండపోతగా పడి, తర్వాత నలభై రోజులు మొహం చాటేసి, పంట పోయాక మళ్ళీ పడింది. లెక్కల పుస్తకంలో రెండూ ఒకటే. పొలంలో ఒకటి పంట, రెండోది ఎండు కట్టె.

మన రైతు జూలైలో వేరుశనగ విత్తుతాడు. ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు మొదటి సగం దాకా చెట్టు ఊడలు దింపి కాయ కట్టే కాలం. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. పంచాంగం ప్రకారం అవి మఖ, పుబ్బ కార్తెలు. "మఖ పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం నా సేద్యం మన్నే" అన్న సామెత ఊరికే పుట్టలేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు కీలక దశలో బెట్ట అని చెప్పేదీ ఇదే.

నేల ఎండటంలో ఇంకొక సంగతి వుంది. తడి నేల మీద పడిన ఎండ వేడిమిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఎండిన నేల మీద ఆ ఖర్చు లేదు. వేడంతా గాలికే పోతుంది. గాలి ఇంకా వేడెక్కి, ఇంకా పొడిబారి, మిగిలిన తడిని కూడా పీలుస్తుంది. ఆ పొడిగాలి ఎటు వీస్తే అటు వున్న ఊళ్ళకు అందవలసిన ఆవిరి కొంత తగ్గుతుంది. అంటే కరువు తనకు తానే మేత వేసుకుంటుంది, గాలివాటున పక్క సీమకూ పాకుతుంది. ఎండు ప్రాంతాల్లో ఇది జరుగుతున్నదని ఇటీవలి పరిశోధనలు చూపుతున్నాయి.

3. చెరువులో, బోరులో

మన చెరువులు ఒంటరివి కావు. పై చెరువు నిండి మరవ పారితే కింది చెరువుకు నీళ్ళు. గొలుసుకట్టు అంటే ఇదే. అందుచేత వాన తగ్గిన ఏడు కరువు పై ఊరి నుంచి కింది ఊరికి ముదురుతూ వస్తుంది. పై చెరువు సగం నిండుతుంది, మరవ పారదు, కిందిది బీడు పడుతుంది. కింది ఊరిలో వాన బాగానే పడినా చెరువు నిండకపోవచ్చు. పెన్నేరు పుట్టింది కర్ణాటకలోని నంది కొండల దగ్గర. అక్కడి వానకూ, అక్కడ కట్టిన కట్టలకూ మన ఏటిలో పారే నీటికీ సంబంధం వుంది.

భూగర్భజలం సంగతి మరీ నెమ్మది. మన కింద వున్నది ఎక్కువగా నల్సరాయి, అంటే గ్రానైటు జాతి. ఇసుక నేలలా నీటిని దాచుకోదు. పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్ళలో మాత్రమే నీరు నిలుస్తుంది. పడిన వానలో లోపలికి ఇంకేది కొద్ది భాగం. ఒక ఏడు వాన తప్పితే బోరు వెంటనే ఎండదు. దానివల్ల మనకు ధైర్యం వస్తుంది. వాన లేదు కనుక మోటారు ఇంకా ఎక్కువ గంటలు వేస్తాం. పైనుంచి చేరేది తగ్గి, కిందినుంచి తోడేది పెరిగి, రెండు వైపులా దెబ్బ పడుతుంది. బోరు ఎండేది ఆ ఎండాకాలమో, మరుసటి ఏడో. అప్పటికి పత్రికలు ఆ కరువును మరచిపోయి వుంటాయి.

4. సంతలో, ఇంట్లో

వేరుశనగ పోతే గింజ ఒక్కటే పోదు, పశువులు తినే కట్టె కూడా పోతుంది. ఊరంతా ఒకే వారం పశువులను సంతకు తోలితే ధర పడిపోతుంది. ఎద్దుల జత పోయిన తర్వాత మంచి వాన పడినా పదునులో విత్తడానికి కాడి లేదు, బాడుగ ట్రాక్టరుకు చేతిలో డబ్బు లేదు. బోరు కోసం అప్పు, ఆ అప్పు కోసం మరొక అప్పు. ఆ తర్వాత ఇంటికి తాళం వేసి బెంగుళూరుకో, కేరళకో బస్సెక్కడం. బడికి పోయే పిల్ల చెల్లెలిని ఎత్తుకొని ఇంట్లో వుండిపోవడం. ఈ చివరి మెట్టుకు వర్షమాపకంలో కొలత లేదు.

5. ధాత కరువు

ఈ మెట్లన్నీ ఒకే చోట చూడాలంటే 1876-78 క్షామం చూడాలి. తెలుగు సంవత్సరం పేరు మీద మనవాళ్ళు దానిని ధాత కరువు అన్నారు. 1876లో నైరుతి తప్పింది, ఆ వెనుకే ఈశాన్యమూ తప్పింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగమే, 1882లో గాని వేరు జిల్లా కాలేదు. మద్రాసు, బొంబాయి రాజధానులు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు అన్నీ అందులో చిక్కాయి. 1877లో వానల కొరత ఉత్తర హిందూస్థానానికి కూడా పాకింది.

వాన కరువు కంటే ధర కరువు వేగంగా నడిచింది. రైలు పట్టాల మీద గింజ ఎటు ధర వుంటే అటు పోయింది. కూలివాడికి కొనే శక్తి లేదు కనుక అతనివైపు రాలేదు. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయ పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. దాని మీద పెద్ద విమర్శ వచ్చి తర్వాత మార్చారు. మొత్తం మీద 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి. వానలు తిరిగి పడిన తర్వాత కూడా చావులు ఆగలేదు. నీళ్ళు నిలిచిన చోట దోమలు పుట్టి, ఆకలికి సన్నగిల్లిన దేహాల మీద మలేరియా విరుచుకుపడింది. ఆకాశంలో కరువు ముగిసింది, ఇంట్లో ముగియలేదు.

ఆ క్షామం తర్వాత వేసిన కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. దాని మీద క్షామ నిబంధనావళులు తయారయ్యాయి. వాటిలో 'పరీక్ష పనులు' అని ఒక పద్ధతి వుంది. తక్కువ కూలికి కష్టమైన పని తెరిచి, జనం వస్తారా రారా అని చూడటం. వస్తే కరువు వున్నట్టు! అంటే సర్కారు కరువును గుర్తుపట్టింది చివరి మెట్టు మీద. 2016లో వచ్చిన కేంద్రప్రభుత్వ మాన్యువల్ వానతోబాటు విత్తిన విస్తీర్ణం, నేల తేమ, ఉపగ్రహ చిత్రాల్లోని పచ్చదనం, జలాశయాల నిల్వ, భూగర్భజల మట్టం కూడా చూడమన్నది. ఇది పెద్ద ముందడుగే. కాని లెక్కలన్నీ చేరి ప్రకటన వెలువడేసరికి, మఖ పుబ్బలు దాటి, సంతలో ఎద్దు అమ్ముడుపోయి వుంటే రైతుకు దక్కేది పరిహారమే గాని ఎద్దు కాదు.

6. తిరుగుదారి

కరువు ఏ వరుసన దిగుతుందో ఆ వరుసనే పోతుంది. మొదట ఆకాశం బాగుపడుతుంది, ఒక మంచి వానకు నేల తడుస్తుంది. చెరువుకు ఒక సీజను కావాలి. బోరుకు రెండు మూడు మంచి ఏళ్ళు కావచ్చు. అప్పుకూ, అమ్ముకున్న కాడికీ, ఆగిన చదువుకూ ఎన్నేళ్ళో చెప్పలేం. ఈలోగా మరొక వరపు వస్తే పాతదాని మీద కొత్తది పడుతుంది. మా అవ్వ చెప్పింది ఇదే. ఆమె కరువు పోనే లేదు, ఇక రావడం ఎక్కడిది? 2009లో దేశానికి నైరుతిలో 22 శాతం లోటు. ఆ సీజను ముగిసిన రెండో రోజునే కర్నూలు మునిగింది. సెప్టెంబరులో కాయ కట్టని చేను అక్టోబరు వరదతో కాయ కట్టదు గదా.

విద్యార్థి మిత్రులారా, ఇంత చెప్పాక మన వంతు ఏమిటని అడగవచ్చు. నేను అడిగేది చిన్న పని. సెలవులకు మీ ఊరు వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు కొనండి. వాన పడిన తేదీ, రెండు వానల నడుమ ఎన్ని ఎండు రోజులు, ఊరి బావిలో నీళ్ళు ఎన్ని బారల లోతున వున్నాయి, సంతలో ఎద్దుల జత ధర ఎంత: ఈ నాలుగు రాయండి. మీరు లేనప్పుడు తమ్ముడి చేతో చెల్లెలి చేతో రాయించండి. నాలుగింటిలో మొదటి రెండూ చెడి, చివరి రెండూ ఇంకా చెడకుండా వున్న కొద్ది వారాలే గడ్డి తెప్పించడానికి, పనులు తెరిపించడానికి, ఒక్క తడి ఇచ్చి పంట నిలబెట్టడానికి సమయం. ఆ కాగితం పట్టుకొని తహసీల్దారు కచేరీకి వెళ్ళిన ఊరి మాటకు, ఉత్త చేతులతో వెళ్ళిన ఊరి మాటకు తేడా వుంటుంది.

ఆ విద్యార్థికి నేను ఇవ్వవలసిన జవాబు కూడా ఇదే. కరువుకు ఒక తేదీ లేదు, నాలుగు తేదీలున్నాయి. మొదటిది చూసి మేలుకోవాలి, నాలుగోది చూసి కాదు.