పెద్దప్రేగు తొలగించిన పిమ్మట జీవనము

కొన్ని వంశములలో ఏ.పి.సి. అను జన్యువునందలి లోపము తలిదండ్రులలో నొకరినుండి బిడ్డలకు సంక్రమించును. ప్రతి బిడ్డకును సగము అవకాశము కలదు. ఈ లోపము గలవారి పెద్దప్రేగులో యౌవనముననే వందలకొలది బుడిపెలు లేచును. చికిత్స లేనిచో దాదాపు తప్పక క్యాన్సరు వచ్చును. కావున ముందుగానే ఆ ప్రేగును తొలగింతురు.

పురీషనాళమును మిగిల్చి చిన్నప్రేగును దానికి కలిపినచో విరేచనములు తక్కువ. కాని ఆజీవము పరీక్షలు తప్పవు. దానిని గూడ తీసివేసినచో చిన్నప్రేగు కొసతో సంచి కుట్టుదురు. 1978లో లండను వైద్యులు పార్క్స్, నికల్స్ ఈ పద్ధతిని ప్రకటించిరి. అట్టివారు సాధారణముగా దినమునకు 4 మొదలు 6 మార్లు మలవిసర్జనకు పోవలసి యుండును. నీటిని పీల్చుకొను ప్రేగు లేనందున నీరును ఉప్పును తగినంత పుచ్చుకొనవలెను.

విద్యార్థులారా! తోటివాడు మాటిమాటికి వెలుపలికి పోవ ననుమతి కోరినచో నవ్వకుడు. శస్త్రచికిత్స ఆయువు నిచ్చును. ఆ ఆయువునకు సుఖము నిచ్చునది మన మర్యాదయే.