చివరి పేజీ ముట్టుకోకు

చిట్టీ,

నీ ఉత్తరమూ నాటకమూ శుక్రవారం రాత్రి చూశాను. ఉత్తరం ఒకసారి చదివాను, నాటకం మూడుసార్లు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోయి నువ్వన్నదానికల్లా ఊఁ కొడతాను. అందుకే ఈ ఉత్తరం.

నాకు అర్థమైంది ఇదీ. బిడ్డ పోయిన పాస్టరు గారి భార్య ఏడాదిగా ప్రార్థన చేయలేకపోతోంది. సంఘానికి తెలియకుండా ప్రతి ఆదివారం ముందు బెంచీలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. చివర్న భర్త ‘ఈపూట నువ్వు ప్రార్థన చెయ్యి’ అంటాడు. ఆమె నోరు తెరుస్తుంది, మాట రాదు, లైట్లు ఆరిపోతాయి. మీ ప్రొఫెసరు గారికి నచ్చింది, వేద్దామన్నారు. మీ క్రైస్తవ కాలేజీ కమిటీ ఆపింది. ఆరో పేజీలో బూతు మాట తీసెయ్యాలి, చివర్న ఆమె ప్రార్థన చెయ్యాలి, కనీసం ఒక పాటైనా పాడాలి, అప్పుడైతే సరే అన్నారు. నువ్వు ‘నా స్వేచ్ఛ’ అంటూ డీన్‌కు రెండు పేజీల లెటర్ తయారుచేశావు. ఇంకా పంపలేదు.

పంపకు.

అమెరికాలో ఉన్నాం, ఫస్ట్ అమెండ్‌మెంట్ ఉంది అని అందులో రాశావు. అది ప్రభుత్వం చేతులు కట్టేస్తుంది గానీ ప్రైవేటు కాలేజీ చేతులు కట్టదమ్మా. చేరేటప్పుడు హ్యాండ్‌బుక్ మీద సంతకం పెట్టావు, చదవకుండానే పెట్టుంటావు. కాలిఫోర్నియాలో 1992లో లెనార్డ్ లా తెచ్చి ప్రైవేటు కాలేజీ పిల్లలకూ ఆ హక్కు ఇచ్చారు గానీ, మతసంస్థల కాలేజీలకు వాళ్ళ విశ్వాసం అడ్డొచ్చే చోట మినహాయింపు ఇచ్చారు. 2016 ఎన్నికలప్పుడు వర్జీనియాలోని లిబర్టీ యూనివర్సిటీలో విద్యార్థి పత్రికకి ఒక కుర్రాడు ట్రంప్‌ను తప్పుపడుతూ కాలమ్ రాస్తే, అప్పటి ప్రెసిడెంటు జెర్రీ ఫాల్వెల్ జూనియర్ ఆపేయించాడు. దేశంలో పేపర్లన్నీ దాని గురించి రాశాయి. ఆ కాలమ్ మాత్రం ఆ పత్రికలో రాలేదు. పైగా నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు. గొడవ ముదిరి సస్పెండ్ చేశారనుకో, చదువుతో పాటు స్టేటస్ కూడా పోతుంది. ఇదంతా నిన్ను బెదిరించడానికి కాదు. ఆ రెండు పేజీల్లో హక్కు గురించి ఉంది, నాటకం గురించి ఒక్క వాక్యం లేదు. అదీ నా బాధ.

నాటకం గురించి నేను చెబుతాను. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్ళు తెచ్చిన కాసరోల్ గిన్నెలు ఆమె కడిగి తిరిగిచ్చే సీను ఉంది చూడు, గిన్నె అడుగున పేరు రాసి అంటించిన టేపును గోటితో గీకుతూ ఉంటుంది, మాట్లాడదు. అక్కడ చదవడం ఆపి లేచి మంచినీళ్ళు తాగాను. ఇరవై ఏళ్ళ పిల్లకు ఇది ఎట్లా తెలిసిందా అనుకున్నాను.

ఇప్పుడు ఆరో పేజీ. కోపం తెచ్చుకోకు. ఐదు పేజీలు గొంతెత్తని మనిషి, గిన్నె తిరిగిస్తూ ఆ మాట అంటుందా? అనదు. అది ఆమె మాట కాదు, నీ మాట. డీన్ మొహం ఎట్లా మారుతుందో చూద్దామని పెట్టావు. నీ వయసులో నేనైతే రెండు పెట్టేదాన్ని. కానీ కొట్టెయ్యి. ఎందుకో చెప్పాలంటే వేకో దాకా వెళ్ళాలి.

మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. అక్కడి బేలర్ యూనివర్సిటీ టెక్సాస్ బాప్టిస్టులది, 1845 నాటిది. క్యాంపస్‌లో డాన్సుకు 1996 దాకా అనుమతి లేదంటే అర్థం చేసుకో. అట్లాంటి చోట పాల్ బేకర్ అనే ఆయన దేశమంతా తిరిగి చూసే డ్రామా డిపార్ట్‌మెంట్ కట్టాడు. 1962 డిసెంబరులో యూజీన్ ఓనీల్ నాటకం ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ వేశాడు. ఓనీల్ సొంతింటి కథ అది: తాగే తండ్రి, తాగే అన్న, మార్ఫిన్‌కు అలవాటు పడిన తల్లి. రచయిత పోయాక 1956లో బయటికొచ్చి, మరుసటేడు పులిట్జర్ తెచ్చుకుంది. అందులో తిట్లున్నాయి. కొన్ని ఆటలయ్యాక ఫిర్యాదులొచ్చాయి, ప్రెసిడెంటు ఆబ్నర్ మెక్‌కాల్ నాటకం ఆపేశాడు. తిట్లు తీసేసి ఆడుకోండి అంటే కుదరదు, రచనలో మాట మార్చకూడదని హక్కుల షరతు. 1963 వసంతంలో బేకరూ, ఆయన దగ్గర పనిచేసే పదకొండు మందీ రాజీనామా చేసి శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. అదీ క్రైస్తవ కాలేజీయే, కాకపోతే ప్రెస్బిటేరియన్లది.

నాటకాల వాళ్ళు దీన్ని వీరగాథలా చెప్పుకుంటారు. నాకు అంత వీరంగా అనిపించదు. మెక్‌కాల్ జడ్జిగా చేసిన మనిషి, సంఘాలు ఇచ్చే డబ్బుకూ తల్లిదండ్రులకూ జవాబు చెప్పాల్సినవాడు. ఇటు గురువు వెంట ఊరు మారే స్తోమత అందరు పిల్లలకూ ఉండదు కదా. సరే, అది వేరే సంగతి. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఆ నాటకంలో తల్లి మూడో అంకంలో మరియమ్మకు జపం చేయబోయి మధ్యలో ఆగిపోతుంది. మనసు లేకుండా మాటలు వల్లిస్తే మరియమ్మ మోసపోతుందా అని తనను తానే ఈసడించుకుంటుంది. నీ నాటకంలో తల్లిలాగే! బేలర్‌లో గొడవ దాని మీద జరగనే లేదు. అంతా తిట్ల మీదే. ఒక తల్లి ప్రార్థన చేయలేకపోవడం గురించి ఆ క్యాంపస్ మాట్లాడుకునే అవకాశం నాలుగు తిట్ల కింద పడిపోయింది.

నీ బూతు మాట కూడా అదే పని చేస్తుంది. అది ఉన్నంత కాలం కమిటీ దాన్ని పట్టుకుని వేలాడుతుంది, అసలు అభ్యంతరం చెప్పాల్సిన పని ఉండదు. తీసేశావనుకో, వాళ్ళకు మిగిలేది ఒకటే మాట: ‘ప్రార్థన రాని క్రైస్తవురాలిని మేము స్టేజీ మీద చూడలేం.’ అది పైకి అననీ. ఎదురుగా కూర్చుని అననీ.

చివరి పేజీ మాత్రం ముట్టుకోకు. నేను ముట్టుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాకు పదిహేనేళ్ళప్పుడు మా ఊరి చర్చిలో క్రిస్మస్ డ్రామా నన్ను రాయమన్నారు. దుప్పట్లే తెరలు, పెట్రోమాక్స్ లైటు, యోసేపుకు జనపనార గడ్డం, హేరోదుకు సిగరెట్ పెట్టె వెండి కాగితంతో కిరీటం. మగపిల్లలందరికీ హేరోదు వేషమే కావాలి. నేను మరియమ్మకు రెండు డైలాగులు రాశాను, నడుం పట్టేసింది, ఇంక అడుగు పడదు అని. సత్రం వాడి పెళ్ళాం ఆమెను చూసి, ‘నీళ్ళు కాచండి’ అని లోపలికి కేక వేస్తుంది. అంతే. రిహార్సల్ చూసిన సంఘ పెద్ద ఒకాయన లేచి, పరిశుద్ధమైన విషయంలో నొప్పులేంటమ్మా, అక్కడ దేవదూతల పాట పెట్టు అన్నాడు. మీ నాయనమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయా కదా, అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ‘నొప్పుల్లేకుండా ఎట్టా కంటదయ్యా?’ అంది. అందరూ నవ్వారు, ఆయన కూడా. నవ్వులు అయిపోయాక నేనే పెన్సిలు తీసుకుని ఆ రెండు డైలాగులూ కొట్టేశాను. పాట పెట్టాను. బాగా వచ్చిందన్నారు, స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు.

ఆ కొట్టివేత గురించి నాకు పెద్ద బాధ లేదు. మరుసటేడు జరిగింది బాధ. మళ్ళీ రాయమన్నారు, రాశాను, ఎవరూ ఏమీ అనలేదు. ఆ పై ఏడూ అనలేదు. అనడానికి నేను ఏమైనా రాస్తే కదా! ఆ పెద్దాయన నా తలకాయలో బల్ల వేసుకుని కూర్చున్నాడు, నేను పెన్ను తీయగానే ఆయన దగ్గేవాడు. ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది, ఇంకా అప్పుడప్పుడూ దగ్గు వినపడుతుంది. నీ డీన్ నాటకం ఆపితే ఒక నాటకం ఆగుతుంది. ఆయనకు కోపం తెప్పించడానికి రాసినా ఆయన నీ తలలో కాపురం పెట్టినట్టే, ఆయనను సంతోషపెట్టడానికి రాసినా పెట్టినట్టే. ఆరో పేజీలో ఇప్పటికే ఒక కాలు పెట్టాడు.

వాళ్ళకు కళ అంటే పడదు అని రాశావు. అదీ నిజం కాదు. దక్షిణ కరోలినాలో బాబ్ జోన్స్ యూనివర్సిటీ ఉంది కదా, కట్టుబాట్లలో దాన్ని మించింది ఉండదంటారు. బాబ్ జోన్స్ జూనియర్ స్వయంగా షేక్‌స్పియర్ నాటకాల్లో వేషాలు వేసినవాడు. 1951లో అక్కడ మ్యూజియం తెరిచి రూబెన్స్, మురిల్లో లాంటివాళ్ళ పాత మతచిత్రాలు తెచ్చి పెట్టారు. కాథలిక్ చర్చిని ఏకిపారేసే మనుషులే కాథలిక్ బలిపీఠాల కోసం గీసిన బొమ్మల్ని ప్రాణంలా చూసుకున్నారు. మూడొందల ఏళ్ళ కిందట పోయిన చిత్రకారుడితో పేచీ లేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, రేపు ఇంకేం గీస్తుందో తెలియని పిల్లతోనే భయం.

ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్‌ను చూడు. యేసు ప్రభువు జీవితం మీద ఆమె రాసిన నాటకాలు 1941 చివర్లో బీబీసీ రేడియోలో మొదలయ్యాయి. శిష్యులు మామూలు జనం మాట్లాడే ఇంగ్లీషు మాట్లాడారు, ప్రభువు పాత్రకు ఒక నటుడి గొంతు. ప్రసారం కాకముందే దైవదూషణ అని ప్రొటెస్టెంటు సంఘాలు గగ్గోలు పెట్టాయి. ఇప్పుడు ఆమె కాగితాలు ఎక్కడ భద్రంగా ఉన్నాయో తెలుసా? ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీలో, 2003 దాకా పిల్లలకు డాన్సు కూడదన్న చోట.

సరే, డీన్‌ను కలువు. లెటర్ వద్దు, మనిషిగా వెళ్ళు. బైబిలు తీసుకెళ్ళు, వాదించడానికి కాదు, 88వ కీర్తన చదివించుకోవడానికి. విలాప కీర్తనల్లో చాలావరకు చివరకు ఏదో ఒక ఆశ వైపు తిరుగుతాయి, అది తిరగదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి అని మా పాస్టరు గారు ఒకసారి ప్రసంగంలో చెప్పారు. ఆ కీర్తన చివర ఎవరూ స్తోత్రం అతికించలేదు, వేల ఏళ్ళుగా అట్లాగే ఉంది. ఆ మాట నెమ్మదిగా చెప్పి ఆగిపో. గెలవాలని చూడకు, పెద్దమనిషి ఓడిపోతే ఇంకా బిగుసుకుంటాడు. చిన్న హాల్లో వేస్తాం, పోస్టరులో ముందే హెచ్చరిక పెడతాం, ఆట అయ్యాక చాప్లిన్ గారు మాట్లాడతారు అను. తేదీ, హాలు, పోస్టరు అన్నీ ఇచ్చెయ్యి. అయినా ప్రార్థనే కావాలంటే, నమస్కారం పెట్టి నాటకం వెనక్కి తీసుకో. ప్రొఫెసరు గారిని మాత్రం ఇరికించకు, ఆయనకు ఉద్యోగం ఉండాలి, ఇంకో పదిమంది పిల్లలున్నారు.

మీ నాన్న ‘క్రైస్తవ సంబంధమైనది ఏదైనా రాయొచ్చుగా’ అన్నాడట. మా అన్నయ్య మంచివాడే గానీ జాషువాను మర్చిపోయాడు. క్రైస్తవుడై పుట్టి, 1941లో ‘గబ్బిలం’తో ఆకలిగొన్నవాడి మొర కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపాడు. తరవాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. ఏది క్రైస్తవ సంబంధం, ఏది కాదు అని అన్నయ్యే తేల్చాలి. నేను ఫోన్లో అడుగుతాలే, నువ్వు అతనితో తగువు పెట్టుకోకు.

అక్కడ కుదరకపోతే సెలవుల్లో ఇక్కడికి రా. మా ముందుగదిలో పదిహేను మంది పడతారు, బల్ల జరిపితే పద్దెనిమిది. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనం పెట్టి చదివిద్దాం. టికెట్ పెట్టేది లేదు, నీ వీసాకు అది మంచిది కాదు. కాసరోల్ గిన్నెలు మా పక్కింటావిడ దగ్గర అరడజను ఉన్నాయి, అడుగున టేపుతో సహా. తల్లి పాత్ర నేను చదువుతాను. ఆరో పేజీ సరిచేసి ఒక కాపీ పెద్ద అక్షరాల్లో పోస్టు చెయ్యి, నా కళ్ళజోడు ఇంకా మార్పించుకోలేదు.

మీ అత్త