ఎంత వచ్చిందని కాదు, ఎప్పుడు వచ్చిందని అడుగు

చిరంజీవి అమ్మాయికి,

సహాయ సంస్థలో సరుకు రవాణా విభాగంలో చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. దేశాలు అంతంత విరాళాలు ప్రకటిస్తున్నా శరణార్థుల రేషనులో ఎందుకు కోత పడుతుందని అడిగావు. దానికి జవాబు 2020 కరోనా ఏడాదిలో దొరుకుతుంది.

ఆ ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం అప్పటి అధిపతి డేవిడ్ బీస్లీ భద్రతా మండలిని హెచ్చరించారు. తీవ్రమైన ఆకలిలో ఉన్న 13.5 కోట్ల మంది ఏడాది చివరికి 26.5 కోట్లు కావచ్చన్నారు. సరిగ్గా ఆ నెలలోనే ఉగాండాలోని శరణార్థుల రేషను 30 శాతం తగ్గింది. యెమెన్ ఉత్తర ప్రాంతాల్లో సగమైంది. గింజలు దొరక్క కాదు, విరాళాలు చాలక.

ప్రపంచ ఆహార కార్యక్రమం నడిచేదంతా స్వచ్ఛంద విరాళాల మీదే. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలు తప్పనిసరిగా కట్టే చందాలో దీనికి వాటా లేదు. పైగా ఎక్కువమంది దాతలు ఫలానా దేశానికే, ఫలానా పనికే అని షరతు పెడతారు. అలా వచ్చిన డబ్బుతో పొరుగు దేశంలో పస్తులున్నవారికి బియ్యం కొనడానికి వీల్లేదు. షరతు లేని డాలరు విలువ నీకు అక్కడ తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యం అదను. దక్షిణ సూడాన్‌లో వానలు పడితే మట్టిరోడ్లు మునిగి లారీ కదలదు. ఎండాకాలంలోనే ధాన్యం ఊళ్లకు చేర్చి గోదాముల్లో పెట్టుకోవాలి. ఆ తర్వాత వచ్చిన డబ్బు విమానాల నుంచి బస్తాలు జారవిడవడానికి ఖర్చవుతుంది, అదే సొమ్ముకు చాలా తక్కువమంది కడుపు నిండుతుంది. అందుకే రాబోయే విరాళాల హామీ మీద ముందుగానే అప్పు తీసుకుని, ధాన్యం కొని నిల్వ చేసే ఏర్పాటు ఉంది. దాని గురించి బాగా చదువుకో.

ఇక దారి సంగతి. కెన్యాలోని మొంబాసా రేవులో దిగిన సరుకు ఎక్కువగా మలాబా సరిహద్దు దాటి ఉగాండా చేరుతుంది. 2020లో అక్కడ డ్రైవర్లకు కరోనా పరీక్షలు చేసి, ఫలితం వచ్చేదాకా ఆపేవారు. లారీలు కిలోమీటర్ల పొడవునా నిలిచిపోయాయి. ప్రయాణికుల విమానాలు ఆగిపోవడంతో వైద్యులకూ, సహాయ సిబ్బందికీ దారి మూసుకుపోయింది. అప్పుడు ప్రపంచ ఆహార కార్యక్రమం లియేజ్, దుబాయ్, గ్వాంగ్‌జౌ, అడిస్ అబాబా వంటి చోట్ల రవాణా కేంద్రాలు పెట్టి మిగతా సంస్థల మందులూ మాస్కులూ కూడా తానే మోసింది. పంపిణీ దగ్గర గుంపులు చేరకుండా చాలాచోట్ల రెండు మూడు నెలల రేషను ఒకేసారి ఇచ్చారు. అలా ఇవ్వాలంటే గోదాములో అంత సరుకు ముందే ఉండాలి, అంటే డబ్బూ ముందే రావాలి. చూశావా, ఖాతా పుస్తకమూ లారీ చక్రమూ విడివిడి విషయాలు కావు.

ఆ ఏడాది సంస్థకు అప్పటికి రికార్డు స్థాయిలో 840 కోట్ల డాలర్లు వచ్చాయి, నోబెల్ శాంతి బహుమతీ వచ్చింది. అయినా అవసరం అంతకన్నా పెద్దది.

తల్లీ, ప్రకటించిన మొత్తం చూసి ఎప్పుడూ నిశ్చింతగా ఉండకు. డబ్బు ఏ తేదీన చేతికొస్తుంది, ఏ షరతు మీద, ఏ దారిన గింజ అవుతుంది అని ప్రతి సమావేశంలోనూ అడుగు. చిన్నదానివని మొహమాటపడకు. నువ్వు అడగని ప్రశ్నకు మూల్యం చెల్లించేది రేషను వరుసలో నిలబడిన మనిషి.

ఇట్లు,
మీ బాబాయి