సందేహాలు – సమాధానాలు: పాత రాళ్ల దగ్గరికి అతిథుల్లా వెళ్దాం

వరి కోతలు ముగిసి, పొలం గట్లు ఆరి, పొద్దున్నే చలి కొరికే రోజులివి. ఛత్తీస్‌గఢ్‌లో కాలినడకన తిరగడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. రాయ్‌పూర్, భిలాయ్, జగదల్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఊరి బయట కనిపించే పాత రాళ్ల గురించే అడిగాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

పిల్లలకు బళ్లో ఆదిమానవుల పాఠం చెబుతున్నారు. ఆ కాలం నాటి సమాధులు రాయ్‌పూర్ నుంచి ఒక్క రోజులో చూసి రాగలిగే దూరంలో ఉన్నాయా?
— ఒక గృహిణి, శంకర్‌నగర్, రాయ్‌పూర్

ఉన్నాయమ్మా. బాలోద్ జిల్లాలోని కర్కాభాట్‌కు వెళ్లండి. రాయ్‌పూర్ నుంచి ధమ్తరి చేరుకుని, అక్కడ బాలోద్ రోడ్డు పట్టుకోవాలి. పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చి, నడుమ రాళ్లు కుప్ప పోసిన సమాధులు అక్కడ కనిపిస్తాయి. కొన్నిచోట్ల నిలువురాళ్లు పాతి ఉంటాయి. 1990–91లో పురావస్తు శాస్త్రవేత్త ఎ.కె. శర్మ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ ప్రాంతంలోనే ఉన్న ధనోరాలో 1956–57లో ఎం.జి. దీక్షిత్ తవ్వారు. సిర్పూర్‌లోని పాత నగరాన్ని తవ్వినవాళ్లలోనూ ఈ ఇద్దరూ ముఖ్యులు. 1950లలో దీక్షిత్ అక్కడ పనిచేస్తే, 2000 తర్వాత శర్మ ఆ పనిని కొనసాగించారు.

పిల్లలకు ఒక్క మాట సరిచేసి చెప్పండి. ఈ సమాధులు కట్టినవాళ్లు ఆకులు చుట్టుకుని తిరిగిన ఆదిమానవులు కారు. ఇనుము కరిగించి బాణపు ములుకులు, ఈటె మొనలు చేసుకున్నవాళ్లు. చక్రం మీద కుండలు చేసినవాళ్లు. ఈ కాలపు సమాధుల్లో లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండే కుండలు దొరుకుతుంటాయి. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం, మూతి అంచు నల్లబడి, మంట తగిలిన వెలుపలి భాగం ఎర్రగా వస్తుంది. ఇంటి దగ్గర కుమ్మరి ఆవం ఉంటే పిల్లలకు ముందు అది చూపించండి. పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

బయల్దేరే ముందు ఒక పూట రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియంలో గడపండి. 1875లో మొదలైన మ్యూజియం అది. తవ్వి తీసిన వస్తువు ఎలా ఉంటుందో అక్కడ చూసిన పిల్లలు పొలంలో దాన్ని తవ్వుదామని గోల చేయరు.

మాది పినపాక వైపు. చిన్నప్పుడు అడవిలో బల్లల్లాంటి రాళ్లు చూసి "రాకాసి గుళ్లు" అనేవాళ్లం. కర్కాభాట్ రాళ్లు కూడా అవేనా? అవి కట్టినవాళ్లే ఇక్కడికి వచ్చారా?
— విశ్రాంత ఉక్కు కర్మాగార ఉద్యోగి, భిలాయ్

మీరు చూసినవి జానంపేట చుట్టుపక్కల సమాధులై ఉంటాయి. నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన కట్టడాలు. కొన్నింటి లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టె ఉంటుంది. మనిషి ఎత్తలేని బండ కనిపిస్తే రాక్షసులో, పాండవులో కట్టి ఉంటారని మనవాళ్లు పేరు పెట్టారు. అందుకే కొన్ని ఊళ్లలో అవే "పాండవుల గుళ్లు" అయ్యాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో ఆకాశం వైపు లేచిన నిలువురాళ్లను అక్కడివాళ్లు "నిలురాళ్లు" అంటారు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

వీటన్నిటినీ కలిపి బృహత్ శిలా కట్టడాలు అంటాం. దక్కన్‌లోనూ దక్షిణాదిలోనూ ఇవి ఎక్కువగా క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దికి చెందినవి. కర్కాభాట్‌లో వలయాలూ రాళ్ల కుప్పలూ నిలువురాళ్లూ ఉంటే, మీ పినపాక వైపు రాతి గదులు ఎక్కువ. కట్టే తీరు చోటును బట్టి మారింది. అక్కడ పలకలుగా చీలే రాయి దొరికితే పలకలతో కట్టారు, గుండ్లు దొరికితే గుండ్లతో కట్టారు.

ఇక మీ రెండో ప్రశ్న. ఒకే రకం సమాధి కనిపించినంత మాత్రాన ఒకే జాతి మనుషులని తేల్చకూడదు. ఈ రోజు విజయనగరంలోనూ రాయ్‌పూర్‌లోనూ పెళ్లికి ఒకే రకం షామియానా వేస్తారు. అంతమాత్రాన రెండు పెళ్లివారూ చుట్టాలవుతారా? ఆచారం మనిషితో పాటు నడుస్తుంది, మనిషి కదలకుండా పొరుగు ఊరికీ పాకుతుంది. ఈ సమాధుల్లో ఏది ఎలా వచ్చిందో ఎముకలూ కుండలూ ఇనుమూ ఉన్నచోట ఉన్నట్టే దొరికితేనే చెప్పగలం.

పొలం గట్టున రాళ్ల కుప్ప కనిపిస్తే అది పాత సమాధో, రైతు ఏరి పోసిన రాళ్లో ఎలా పోల్చుకోవాలి?
— డిగ్రీ విద్యార్థి, ధమ్తరి

ముందు కుప్పను వదిలి దాని అంచు చూడండి. సమాధి అయితే చుట్టూ పెద్ద గుండ్లు ఒక వరుసలో, సగం భూమిలోకి దిగి ఉంటాయి. కొన్ని కనిపించకపోయినా మిగిలినవాటిని కళ్లతో కలుపుకుంటూ పోతే వలయం తేలుతుంది. రైతు పోసిన కుప్ప సాధారణంగా గట్టు మూలనో, చెట్టు మొదట్లోనో ఉంటుంది. చేతికి అందే సైజు రాళ్లే ఉంటాయి. వదులుగా పడి ఉంటాయి. నాగలి దెబ్బకు కొత్తగా పగిలిన ముఖాలు మెరుస్తాయి.

రెండో గుర్తు రాతి మీది నాచుమరకలు. పైన మసకబారి, బూడిదరంగు మచ్చలు కట్టిన రాయి అదే చోట చాలాకాలంగా కదలకుండా ఉందన్నమాట. మూడోది గుంపుగా ఉండడం. సమాధి ఒక్కటే ఉండడం తక్కువ. ఒకటి దొరికితే చుట్టూ నడవండి, మరికొన్ని కనిపిస్తాయి.

పొద్దుపొడుపు, పొద్దుగూకే వేళలు దీనికి మంచివి. ఎండ ఏటవాలుగా పడితే జానెడు మిట్ట కూడా నీడ వేస్తుంది. మధ్యాహ్నం చదునుగా కనిపించిన నేలలో సాయంత్రానికి వలయం లేచి నిలబడుతుంది. పది నిమిషాలు ఆగి చూడండి.

పాత ఊళ్ల దిబ్బలనూ ఇలాగే పోల్చవచ్చు. మన వైపు పాటిదిబ్బ అంటామే, ఇక్కడ దాన్ని డీహ్ అనో, టీలా అనో అంటారు. మట్టి బూడిదరంగుకు తిరిగి, పెంకులు పరుచుకుని ఉంటాయి. ఖారూన్ నది ఒడ్డున తరీఘాట్ దిబ్బలు అలాంటివే. ఊరి కాపలాదారైన కోత్వార్‌నో, పశువులు కాసేవాళ్లనో అడగండి. "జై జోహార్" అని పలకరించి కూర్చుంటే, ఏ దిబ్బకు ఏ పేరుందో వాళ్లే చెబుతారు.

గత ఏడాది ఒక రాళ్ల వలయం దగ్గర నాలుగు కుండపెంకులు, ఒక రాతిపూస తెచ్చి షోకేసులో పెట్టాను. అప్పటినుంచి మనసు పీకుతోంది. తిరిగి అక్కడ పడేస్తే సరిపోతుందా?
— పేరు వద్దన్న పాఠకుడు, రాయ్‌పూర్

మీరు రాసినందుకు ఎంతో సంతోషం. చాలామంది రాయరు.

తిరిగి పడేయకండి. అవి దొరికిన చోటు తప్ప మరోచోట వేస్తే రేపు వచ్చే పరిశోధకుణ్ని అబద్ధపు సాక్ష్యం మీదికి నడిపిస్తారు. దొరికిన చోటు గుర్తుంటే ఊరు, పొలం, వలయం నుంచి ఎన్ని అడుగుల దూరం, ఏ వైపు, ఏ నెలలో అన్నీ కాగితం మీద రాయండి. అప్పటి ఫోటోలు ఫోన్‌లో ఉంటే తేదీతో సహా జతచేయండి. పూసను కడగకండి, నూనె పెట్టి మెరిపించకండి. అన్నీ తీసుకుని రాయ్‌పూర్‌లోని రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకోండి.

చట్టమూ తెలియాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ విలువ పరిమితి కేవలం పది రూపాయలు! 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను పురావస్తువులుగా గుర్తిస్తుంది. జాతీయ ప్రాముఖ్యం గల రక్షిత కట్టడానికి నష్టం చేస్తే, వేరొక చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

జరిమానా భయం కన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. పూస ఎముకల మెడ దగ్గర దొరికిందా, కుండలో దొరికిందా అన్నదాన్ని బట్టి, అది మనిషి వేసుకున్నదో, బతికున్నవాళ్లు వదిలివెళ్లిన కానుకో తెలుస్తుంది. మీ షోకేసులో అది అందమైన పూస మాత్రమే. ఉన్నచోట అది ఒక ఇంటివాళ్ల దుఃఖానికి సాక్షి. ఇంత మాట అనడం మిమ్మల్ని నొప్పించడానికి కాదు. ఈ ఉత్తరం చదివిన ఇంకొకరు వంగి, చూసి, ఫోటో తీసుకుని, చేయి వెనక్కి తీసుకోవాలని.

దంతెవాడ వైపు రోడ్డు పక్కన ఎత్తైన రాళ్లు పాతి ఉంటాయి. అవి కూడా అంత పాతవేనా? వాటి మధ్య నిలబడి ఫోటోలు దిగవచ్చా?
— ఉపాధ్యాయురాలు, జగదల్‌పూర్

గామవాడ రాళ్ల గురించి అడుగుతున్నారనుకుంటాను. ఇక్కడ ఎంతో జాగ్రత్త కావాలి టీచరుగారూ. బస్తర్ మాడియా గోండులకు చనిపోయినవాళ్ల పేరున రాయి నిలబెట్టడం పుస్తకాల్లో మిగిలిపోయిన ఆచారం కాదు, కుటుంబాల జ్ఞాపకంలో ఉన్నది. డబ్ల్యూ.వి. గ్రిగ్‌సన్ 1938లో మాడియాల గురించి పుస్తకం రాసే నాటికి అది సాగుతూ ఉంది. ఆ రాయి ఎవరిదో చెప్పగల మనవడు పక్క ఇంట్లోనే ఉండవచ్చు.

అందుకే ముందు ఊళ్లోవాళ్లను అడగండి. వద్దంటే వెనక్కి రండి. రాయికి ఆనుకోకండి, దాని మీద బ్యాగు పెట్టకండి, పిల్లల్ని ఎక్కించకండి. మన తాతగారి సమాధి మీద పరాయివాడు కాలుపెట్టి ఫోటో దిగితే మనకెలా ఉంటుందో అంతే.

గోండీలో రాయిని "కల్" అంటారు. మన పాత తెలుగులో "కల్లు" అంటే రాయే. యుద్ధంలో పడినవాడికి ఎత్తిన "వీరగల్లు" అనే మాటలో అది ఇంకా బతికి ఉంది. గోండీ, తెలుగు ఒకే ద్రావిడ శాఖకు చెందిన భాషలు. మీ తరగతిలో గోండు పిల్లలుంటే ఈ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

మావారు ఆదివారం పిల్లల్ని రాళ్ల వలయాలు చూపించడానికి తీసుకెళ్తానంటున్నారు. మా అత్తగారు "సమాధుల దగ్గరికి పసివాళ్లను తీసుకెళ్తారా, దోషం" అంటున్నారు. అక్కడ రాయి మీద రాయి పేర్చి మొక్కుకోవచ్చంటారు కొందరు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, టాటీబంద్, రాయ్‌పూర్

రాయి పేర్చడం వద్దు. కొన్ని అడవి దారుల్లో బాటసారులు రాయి వేసి దండం పెట్టుకునే కుప్పలుంటాయి. అవి వేరు, అక్కడివాళ్ల మర్యాద ప్రకారం నడుచుకోండి. పాత సమాధి మీద మాత్రం ఒక్క రాయి కూడా కదపకూడదు, చేర్చకూడదు. పసుపు, కుంకుమ, సుద్ద, అగరుబత్తి ఏవీ వద్దు. గడ్డిలో పాములుంటాయి కాబట్టి బూట్లు వేయండి, చేతిలో కర్ర ఉంచుకోండి. సిర్పూర్, బార్‌నవాపారా వైపు వెళ్తే ఏనుగుల కదలికల గురించి అటవీ సిబ్బందిని అడిగే కదలండి. చీకటి పడకముందే రోడ్డెక్కండి.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. చనిపోయినవాళ్ల చోటు మామూలు చోటు కాదన్న ఆవిడ భావం నిజమైనదే. ఆ భావమే ఇన్నాళ్లూ ఈ రాళ్లను కాపాడింది. "రాకాసి గుడి" అని భయపడి ఎవరూ బండలు పగలగొట్టుకుపోలేదు. ఇప్పుడు భయం పోయింది, జేసీబీ వచ్చింది. భయం ఉన్నచోట గౌరవం నింపకపోతే మన పిల్లలకు చూడడానికి ఏమీ మిగలదు.

మరో ఆదివారం సిర్పూర్‌లోని లక్ష్మణ మందిరానికి కూడా ఆవిడను తీసుకెళ్లండి. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసటాదేవి, చనిపోయిన భర్త హర్షగుప్తుడి పేరున ఏడో శతాబ్దంలో కట్టించిన ఇటుకల గుడి అది. కర్కాభాట్‌లో ఇంటిల్లిపాదీ గుండ్లు దొర్లించి చేసిన పనినే, వెయ్యేళ్లకు పైగా గడిచాక ఒక రాణి ఇటుకలతో చేసింది. పోయినవాళ్లను మరచిపోకూడదన్న ఆరాటం ఒకటే. ఈ మాట అత్తగారికి చెప్పండి, ఆవిడ మీకన్నా ముందు అర్థం చేసుకుంటారు.

తర్వాత ఆవిడనూ వలయాల దగ్గరికి తీసుకెళ్లండి. దూరంగా నిలబడి ఒక దండం పెట్టనివ్వండి, అందులో తప్పేమీ లేదు. ఇంటికి రాగానే అందరూ కాళ్లు కడుక్కుని లోపలికి రండి. అలా చేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది. వచ్చే ఏడాది "మళ్లీ ఎప్పుడు వెళ్దాం" అని అడిగేది ఆవిడే కావచ్చు.