ఏ ఆకు పాలిపోయింది?

మొక్కకు 17 పోషకాలు అవసరం. ఏది లోపించిందో ఆకే చెబుతుంది. మా ఇళ్లలో వేరుశనగ ఆకు పసుపుపచ్చగా మారితే అప్పు చేసైనా యూరియా తెచ్చి చల్లుతారు. మిత్రులారా! ముందు ఏ ఆకు మారిందో చూడాలి.

నత్రజని చాలకపోతే మొక్క ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని లేత ఆకులకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు. అది లోపిస్తే లేత ఆకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి.

సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము ఉన్నా వేర్లకు అందదు. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది గాని ఇనుము ఉండదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారీ చేయాలి.

సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చేనిలో ఆకు చూసి నాన్నకు మనమే చెబుదాం.