బలవంతుడు దాచిన మాట

భద్రాచలం బస్టాండులో బస్సు బోర్డు చదవలేని ఆడమనిషి ఏం చేస్తుంది? "అన్నా, ఇది పర్ణశాల పోతదా?" అని అడుగుతుంది. ఎవరైనా కాగితం ఇస్తే "నాకు కళ్ళు ఆనవు, నువ్వే చదువు బిడ్డా" అంటుంది. చదువు రాదని చెప్పుకోవడానికి సిగ్గు.

ఈ సిగ్గు పేదింటి ఆడవాళ్ళకే ఉంటుందా? కాదు. పేరూ డబ్బూ ఉన్న ఒక మగవాడు కూడా ఏళ్ళ తరబడి ఇలాగే దాచాడు. ఆయన పేరు డెక్స్‌టర్ మాన్లీ. దేశం అమెరికా.

మాన్లీ 1959లో హ్యూస్టన్ నగరంలో పుట్టాడు. బడికి పోయాడు. కానీ అక్షరాలు పట్టుబడలేదు. రెండో తరగతి తప్పాడు. అయితే ఒంట్లో మంచి బలం ఉంది. ఆటలో ముందుండేవాడు. అందుకని చదువు రాకపోయినా పై తరగతులకు పంపారు. కాలేజీలో కూడా చేర్చుకున్నారు. అక్కడా ఆట ఆడించారు, చదువు నేర్పలేదు.

ఆయన ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో బంతి గుండ్రంగా ఉండదు. కోలగా ఉంటుంది. ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకు 11 మంది. మాన్లీది ముందు వరసలో నిలబడి అడ్డుకునే పని. ఎదుటి వరసను నెట్టుకుని లోపలికి దూరాలి. బంతి విసిరేవాణ్ణి విసరకముందే పడగొట్టాలి. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టేసినట్టే.

1981లో మాన్లీ వాషింగ్టన్ జట్టులో చేరాడు. ఆ జట్టు 1983లో, 1988లో దేశంలోకెల్లా పెద్ద పోటీ గెలిచింది. రెండుసార్లూ మాన్లీ జట్టులో ఉన్నాడు. జనం ఆయన్ని చూసి కేకలు వేసేవాళ్ళు. ఆయనకు చదవడం రాదని వాళ్ళకు తెలియదు.

1985లో ఒక ఆటలో ఆయన జట్టువాడు జో థైస్మన్‌కు కాలు విరిగింది. థైస్మన్ మళ్ళీ ఆడలేకపోయాడు. మాన్లీకి భయం పట్టుకుంది. "రేపు నాకూ ఇట్లయితే ఎట్ల బతకాలి?" అన్న దిగులు అది. ఆ తర్వాత ఆయన వాషింగ్టన్‌లో ఒక రాత్రి బడిలో చేరాడు. అంత పెద్ద మనిషి మొదటి నుంచి చదవడం నేర్చుకున్నాడు.

1989 మే నెలలో అమెరికా చట్టసభ కమిటీ ముందుకు వచ్చాడు. తనకు చదువు రాకుండానే కాలేజీ దాకా పోయానని అందరి ఎదుటా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

చదువు వచ్చింది కదా అని కష్టాలన్నీ తీరలేదు. మత్తుమందు అలవాటు ఆయన్ని వదల్లేదు. 1989 నవంబరులో ఆట నుంచి తీసేశారు. 1990లో మళ్ళీ రానిచ్చారు. 1991తో అమెరికాలో ఆయన ఆట ముగిసింది. తర్వాత జైలుకు కూడా పోయాడు. చెడ్డ అలవాటుతో వేరే పోరాటం చేయాల్సి వచ్చింది.

ఒంటి బలం కొన్నాళ్ళే ఆడిస్తుంది. నేర్చుకున్న అక్షరాన్ని మాత్రం ఎవరూ గుంజుకోలేరు. మాన్లీ దాచుకున్నన్నాళ్ళూ ఆయనకు ఎవరూ నేర్పలేదు. "నాకు రాదు" అన్నరోజే చదువు మొదలైంది.

మాట్లాడుకుందాం

1. మాన్లీకి చదువు రాకపోయినా పై తరగతులకు ఎందుకు పంపారు?
2. ఆయన రాత్రి బడిలో ఎందుకు చేరాడు?
3. చదువు రాదని దాచుకున్న రోజులు మీకూ ఉన్నాయా? అప్పుడు ఏం చేసేవారు?
4. మీ వాడలో ఇంకా దాచుకుంటున్నవాళ్ళు ఉన్నారా? వాళ్ళను నొప్పించకుండా ఎట్లా పిలుస్తారు?